ఏకవచనము – బహువచనము: మన బడులలో ఒక పాఠపు చరిత్ర



నల్లమలలోని అమ్రాబాదు పీఠభూమిపై చెంచులు తమ నివాసమును పెంట యందురు. ఆ పెంటలో నాలుగైదేండ్ల పసివానిని పలుకరించి చూడుడు. ఒకదానిని చూపిన 'చెట్టు' అనును. పదింటిని చూపిన 'చెట్లు' అనును. 'చెట్టులు' అని యనుట అరుదు. బడి మొగము చూడని ఆ బిడ్డకు ఈ విద్య నేర్పినవారు తల్లియు, తోడి పిల్లలును. నోట నున్న ఈ విద్య పుస్తకమున కెట్లెక్కినదో, పుస్తకమునుండి మరల బిడ్డలకెట్లు చేరినదో నేడు మనవి చేసెదను.

సంస్కృతమున వచనములు మూడు: ఏక, ద్వి, బహువచనములు. తల్లిదండ్రులను 'పితరౌ' అని ద్వివచనమున చెప్పుదురు. తెలుగున ద్వివచనము లేదు. ఇద్దరైనను ఇరువదిమందియైనను 'లు' యొక్కటే చాలును. ఇంత సులభమైన సంగతి మొదట సులభముగా బాలురకు చేరలేదు. నన్నయభట్టు పేర వెలసిన ఆంధ్రశబ్దచింతామణి తెలుగునకు వ్యాకరణమే కాని, అది సంస్కృతమున నున్నది. దాని కర్తృత్వమును గూర్చి పండితులలో వివాదము కలదు. ఆ మార్గమున తన తల్లిభాష లక్షణము నెరుగగోరువాడు ముందు వేరొక భాష నేర్వవలసివచ్చెను. పదుమూడవ శతాబ్దిలో, తిక్కన కాలమువాడైన మూలఘటిక కేతన ఆంధ్రభాషాభూషణమును తెలుగు పద్యములలో రచించి ఆ తలుపు తెరచెను. 1858లో పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణమును తెలుగు సూత్రములలో వెలయించెను. 'గుఱ్ఱములు' అనినను 'గుఱ్ఱాలు' అనినను సాధువే యని ఆ పుస్తకము ఒప్పుకొన్నది. పేరునకు బాలవ్యాకరణమే యైనను, దానిని పట్టుటకు పెద్దవారికే గురువు కావలెను.

మన పాలమూరు సీమ కథ మరియొక విధము. నిజాము రాజ్యమున పందొమ్మిదవ శతాబ్ది చివర పారసీకి బదులు ఉర్దూ రాజభాష యయ్యెను. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధయు ఉర్దూలోనే. పెద్ద చదువు కోరిన తెలుగు బాలుడు 'కితాబ్'కు 'కుతుబ్' అనియు, 'కాగజ్'కు 'కాగజాత్' అనియు బహువచనములను వల్లించెను. తల్లిదండ్రులకు 'వాలిదైన్' అని అరబ్బీ ద్వివచనమును గూడ నేర్చెను. అది గొప్ప భాషయే. నేర్చుట తప్పు కాదు. తన భాషలోని వచనములకు బడిలో తగిన చోటు లేకపోవుటయే లోటు. అయినను మన రైతులు ఆ మాటలను తమ 'లు' కారముతోనే కాగితాలు, తాలూకాలు, దస్తావేజులు అని వాడుకొనిరి. పరభాషాపదము మన 'లు'ను పుచ్చుకొన్ననాడు మన యింటి మాటయే.

తెలంగాణమున కవులే లేరన్న నిందకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి, 354 మంది కవులను లోకమునకు చూపిరి. మాటల విషయమునను అట్టి జవాబొకటి కావలసియున్నది. 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిదప పత్రికలలో ఇళ్ళు, పళ్ళు, ముళ్ళు అను రూపములు విరివిగా వ్యాపించెను. మన బిడ్డ 'ఇండ్లు, పండ్లు, ముండ్లు' అనగా అది మోటుమాట యని దిద్దిన ఉపాధ్యాయులు లేకపోలేదు. నిజము విచారింపుడు. 'పండు'లోని డకారము 'పండ్లు'లో చెక్కుచెదరక యున్నది. 'ఇంటికి' అనునప్పుడు వినబడు సున్నయే 'ఇండ్లు'లోను ఉన్నది. వ్యాకరణ మంగీకరించిన గ్రాంథికరూపము ఇండ్లే. 'ఇళ్ళు' తప్పు గాదు, అదియు ఒక సీమ వాడుక. కాని 'ఇండ్లు' అన్న బిడ్డను నవ్వినవారు చిన్నయసూరినే నవ్వినట్లు. ఒకమారు నవ్వులపాలైన బిడ్డ మరల నోరు విప్పడు. బడి వానికి పరాయిదగును.

కావున ఈ పాఠము చెప్పుటకు ముందు సూత్రము వలదు. బిడ్డ ముందర ఒక రాయి నుంచి, పిదప నాలుగు రాళ్ళుంచి, వాడేమనునో వినవలెను. వాని నోటి మాటనే పలకపై వ్రాయవలెను. పిదప వడ్లు, పాలు చూపి, వీనిలో ఒక్కదాని నేమందువని యడుగవలెను. వాడు వెదకి వెదకి, 'వడ్లగింజ', 'పాలచుక్క' అని వేరుమాట తెచ్చును. నిత్యబహువచనమన నేమో వానికి అప్పుడు తెలియును. ఆ పేరు తరువాత చెప్పినను చాలును. 'తాత వచ్చినాడు', 'తాతగారు వచ్చినారు' అను రెండింటి భేదము నడిగినచో, ఒక్కరినే పలువురిగా పలుకుట గౌరవమని వాడే చెప్పును. వ్యాకరణమును మర్యాదయు ఒక్క పాఠముననే వచ్చును.

పెద్దలారా! సాయంకాలము మీ మనుమలను అరుగుపై కూర్చుండబెట్టుకొని ఈ ప్రశ్నలు వేయుడు. 'ఇండ్లు' అన్నచో దిద్దకుడు. ఆ మాటకు వ్యాకరణమే సాక్షి యని చెప్పుడు. తన మాటకు బడిలో చోటున్నదని తెలిసిన బిడ్డ తక్కిన చదువును ధైర్యముగా చదువును.