వీడియో గేముల్లో మంచు టెక్స్చర్లు

నేల, బండ, చెట్టు, ఇంటి కప్పు వంటి త్రీడీ ఆకృతుల మీద మంచు పరుచుకున్నట్టు చూపడానికి తొడిగే చిత్రాలనూ, వాటి మీద వెలుగు ఎలా పడాలో లెక్కగట్టే షేడర్లనూ కలిపి ఇక్కడ మంచు టెక్స్చర్లు అంటున్నాం. తెలుగులో మంచు అన్న ఒక్క మాటే గడ్డిపరక మీది బిందువుకూ, పొగమంచుకూ, గడ్డకట్టిన నీటికీ, హిమాలయాల్లో ఆకాశం నుంచి రాలే తెల్లటి పొడికీ చెల్లుతుంది. గేమ్ ఆర్టిస్టుకు ఇవన్నీ వేర్వేరు పదార్థాలు. ఈ వ్యాసం రాలే మంచుకే పరిమితం.

మంచుకు సొంతంగా తెల్లరంగు లేదు. దాని స్ఫటికం గాజులా పారదర్శకం. లెక్కలేనన్ని స్ఫటికాల అంచుల దగ్గర వెలుగు వంగుతూ, వెనుదిరుగుతూ నలుదిక్కులా చెదిరిపోవడం వల్లే కుప్ప తెల్లగా కనబడుతుంది. కొత్తగా పడిన మంచు తన మీద పడిన వెలుగులో 80 నుంచి 90 శాతం దాకా తిప్పికొడుతుంది. కరిగి, దుమ్ము పట్టిన పాత మంచులో అది సగానికి పడిపోవచ్చు. అందుకే టెక్స్చర్‌లో తాజా మంచు రంగును 0 నుంచి 255 వరకు ఉండే కొలతలో 230 దరిదాపుల్లో ఉంచుతారు. కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా 255 పెట్టేస్తారు. అప్పుడు ఎండ పడగానే మంచంతా ఒకే తెల్లటి మచ్చగా మారి, గుట్టకూ గుంటకూ తేడా తెలియదు.

మంచుగడ్డ ఎరుపు వెలుగును నీలం కన్నా ఎక్కువగా పీల్చుకుంటుంది. లోతైన పగుళ్లలో, గోతుల్లో నీలిఛాయ అందుకే కనిపిస్తుంది. నీడల్లోని నీలం మాత్రం ఆకాశం నుంచి వచ్చేది. దాన్ని టెక్స్చర్‌లో పూయడం తప్పు, ఎందుకంటే గేములో సాయంత్రమైనప్పుడు కూడా ఆ నీలం అలాగే అంటుకుని ఉంటుంది. పల్చటి మంచు అంచు వెనక సూర్యుడుంటే వెలుగు లోపలికి దూరి ఇవతలికి వస్తుంది. దీన్ని పూర్తిగా లెక్కించే తీరిక సెకనుకు 60 ఫ్రేములు గీసే యంత్రానికి ఉండదు కనుక షేడర్లు దగ్గరి అంచనాతో సరిపెడతాయి.

రంగులో వైవిధ్యం దాదాపు లేనందున భారమంతా ఆకారం మీద పడుతుంది. ఉపరితలం ఎటు వాలిందో నార్మల్ మ్యాపూ, ఎంత ఎత్తుందో హైట్ మ్యాపూ చెబుతాయి. 8 బిట్ల హైట్ మ్యాపులో ఉండేవి 256 మెట్లే. ఒక మీటరు ఎత్తున్న మంచు దిబ్బను అందులో దాస్తే మెట్టుకు సుమారు 4 మిల్లీమీటర్లు వస్తుంది. గరుకు రాతి మీద ఆ తేడా ఎవరి కంటా పడదు. నున్నటి మంచు మీద ఉదయపుటెండ ఏటవాలుగా పడితే మాత్రం దిబ్బ మెట్లబావిలా కనిపిస్తుంది. 65,536 మెట్లున్న 16 బిట్ల మ్యాపు వాడితే ఆ బెడద పోతుంది. ఎండకు కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టిన పొరకు రఫ్‌నెస్ (గరుకుదనం) తగ్గించాలి, తడిసిన మంచుకు రంగు కాస్త ముదరాలి. స్ఫటికాల తళుకు కెమెరా కదిలినప్పుడల్లా చోటు మారాలి. దూరాన దాన్ని మాన్పించకపోతే తెరంతా మినుకుమంటుంది.

మంచు ఎక్కడ నిలవాలో తేల్చడానికి తేలిక పద్ధతి, ఆకాశం వైపు తిరిగిన ఉపరితలాలకే మంచు వేయడం. దీన్నే అలాగే వాడితే ఇంటి లోపలి బల్ల మీదా మంచు పేరుకుంటుంది. అందుకని పైనుంచి చూస్తే ఏ చోటు కప్పు కింద ఉందో ముందే ఒక డెప్త్ మ్యాపులో పట్టి ఉంచుతారు. 2000లో కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు పాల్ ఫియరింగ్ ఈ ప్రశ్నను తిరగేసి వేశాడు. పైనుంచి మంచు రాల్చడానికి బదులు ప్రతి ఉపరితలం నుంచీ కణాలను ఆకాశం వైపు పంపి, వాటిలో పైకి చేరినవాటిని బట్టి అక్కడ ఎంత మంచు పడుతుందో లెక్కగట్టాడు. నిలవలేని మంచును వాలు వెంట జారనిచ్చాడు. గేములకు అది మోయలేని లెక్కే అయినా ఆలోచన మాత్రం ఎంతో అందమైనది.

మంచును నమ్మించేది చివరికి అడుగుజాడ. బూటు దిగినప్పుడు పొడి అణిగి అడుగున గట్టిపడుతుంది, చుట్టూ సన్నటి గట్టు లేస్తుంది, కాలు లాగినచోట మడమ వెనక చిన్న చాలు మిగులుతుంది. 2013లో వచ్చిన బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ ఆరిజిన్స్‌లో నేల కింద ఒక కెమెరా పెట్టి, మంచులోకి దిగిన పాదాలను కిందినుంచి చూసి హైట్ మ్యాపులో అచ్చు వేశారు. 2015 నాటి రైజ్ ఆఫ్ ది టూంబ్ రైడర్‌లో సైబీరియా మంచు గుంటలు పడటంతో ఆగకుండా పక్కలకు గట్టుగా కూడా లేస్తుంది. అదే కాలపు ఫ్రోజెన్ సినిమా కోసం డిస్నీ మంచు అణగడాన్నీ, విరగడాన్నీ కణాల స్థాయిలో అనుకరించింది గానీ, ఒక్కో ఫ్రేముకు నిమిషాలు పట్టే ఆ పద్ధతి ఆటకు పనికిరాదు.

ఇంత చేశాక కూడా మంచు బూడిదరంగులో కనిపించవచ్చు. తెరమీది సగటు వెలుగును మధ్యస్థానికి తెచ్చే ఆటో ఎక్స్‌పోజరే దానికి కారణం. మంచుకొండల్లో ఫొటోలు తీసేవారికి ఇది పాత అనుభవమే, వాళ్లు ఎక్స్‌పోజర్‌ను చేత్తో పెంచుకుంటారు. గేముల్లోనూ అదే చేయాలి. ఎంత పెంచాలో తేల్చుకోవడానికి మంచు పక్కన 18 శాతం వెలుగును తిప్పికొట్టే బూడిదరంగు బంతినీ, ఒక బొగ్గుముక్కనూ ఉంచి మూడూ విడివిడిగా తెలిసేదాకా సరిచూస్తారు.