ఆఫీస్ ఫైర్‌వాల్ డబ్బా: అసలు కథ అడ్రస్‌ల కరువుతో మొదలైంది!

ఫ్రెండ్స్, చిన్న ఆఫీసుల్లో రౌటర్ పక్కన లైట్లు మెరుస్తూ ఒక ఫైర్‌వాల్ డబ్బా ఉంటుంది చూడండి. ఈ డబ్బాల్లో పాత ఫేమస్ ఒకటుంది, పేరు పిక్స్. అది మొదలైంది హ్యాకర్లను ఆపడానికి కాదు, తెలుసా?

1994 సంగతి. ఐపీవీ4లో ఉన్న అడ్రస్‌లు మొత్తం సుమారు 430 కోట్లే, అవి అయిపోతాయని భయం పట్టుకుంది. అప్పుడు అమెరికాలో నెట్‌వర్క్ ట్రాన్స్‌లేషన్ అనే చిన్న కంపెనీలో జాన్ మేయెస్, బ్రాంట్లీ కోయిల్ ఒకటి ఆలోచించారు. ఆఫీసుకి బయటి ఫోన్ లైన్లు కొన్నే, లోపల టేబుల్‌కో ఎక్స్‌టెన్షన్. దీన్ని నడిపేది పీబీఎక్స్. అదే పని ఐపీ అడ్రస్‌లకూ చేస్తే? పిక్స్ అన్న పేరు అలా వచ్చిందే. 1995లో సిస్కో ఆ కంపెనీనే కొనేసింది.

లోపలి కంప్యూటర్ ముందు పలకరిస్తేనే బయటి జవాబు లోపలికొస్తుంది. పిలవని పేరంటానికి వచ్చినవాడు గుమ్మంలోనే ఆగాలి. అడ్రస్‌లు పొదుపు చేయబోతే తలుపు కూడా దొరికింది!

తిరకాసు ఇక్కడే ఉంది. పిక్స్ అమ్మకాలు 2008లో ఆగిపోయాయి గానీ ఆ అలవాటు పోలేదు. ఇప్పటికీ చాలా డబ్బాలు కొత్తగా పెట్టినప్పుడు లోపలికి బ్లాక్, బయటికి ఫుల్ ఫ్రీ. ఎవరో మెయిల్‌లో వచ్చిన ఫైల్ నొక్కారనుకోండి, వైరస్ లోపలి నుంచే బయటికి కాల్ చేస్తుంది. డబ్బా "సరే వెళ్ళు" అంటుంది.

అందుకే నేనైతే డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చగానే చూసేది బయటికెళ్ళే రూల్సే. రిమోట్ డెస్క్‌టాప్ కోసం 3389 పోర్ట్ నేరుగా తెరవకండి, వీపీఎన్ పెట్టండి. ఇంకోటి, చాలా డబ్బాలు రూల్స్‌ని పైనుంచి కిందికి చదువుతాయి. పైన "అన్నీ అలౌ" ఉంటే కింద రాసిన బ్లాక్‌లు ఉత్తవే బాస్.