పాఠం ఫోన్‌లోకి వచ్చింది, గది ఎటు పోయింది?

ఆన్‌లైన్ చదువుల చరిత్ర అనగానే చాలామంది 2020 లాక్‌డౌన్ దగ్గర మొదలుపెడతారు. ఇంకొందరు 2003 దగ్గర మొదలుపెడతారు. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి ఎన్‌పీటెల్ పాఠాలు మొదలుపెట్టింది అప్పుడే. మన చరిత్ర అంతకంటే పాతది మిత్రులారా. అక్కణ్నుంచి చూస్తేనే ఇవాళ ఏం చేజారుతోందో తెలుస్తుంది.

1946లో బాబాసాహెబ్ బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టారు. క్లాసులు పొద్దున్నే జరిగేవి. పగలు ఉద్యోగం చేసుకునే పేద విద్యార్థికి చదువు ఆగకూడదని ఆ ఏర్పాటు. అక్కడ కాలేజీయే విద్యార్థి టైముకు సర్దుకుంది.

1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. బడి సర్టిఫికెట్ లేకపోయినా 18 ఏళ్లు నిండితే అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అప్పట్లో ఉండేది. దాని మొదటి వీసీ జి. రాంరెడ్డి, 1985లో ఇగ్నోకు కూడా మొదటి వీసీ అయ్యారు. 1991లో ఈ యూనివర్సిటీకి అంబేడ్కర్ పేరు పెట్టారు.

అది నడిచిన తీరు చూడండి. పాఠాలు రాసింది వేర్వేరు యూనివర్సిటీల, కాలేజీల అధ్యాపకులు. తెలుగులో రాశారు. స్టడీ సెంటర్లు పెట్టింది ఊళ్లలో అప్పటికే ఉన్న డిగ్రీ కాలేజీల్లో. వారమంతా రెగ్యులర్ పిల్లలు కూర్చునే బెంచీల మీద ఆదివారం పనిపాటలు చేసుకునేవాళ్లు, పెళ్లితో చదువాగిన ఆడవాళ్లు కూర్చున్నారు. పుస్తకం, గది, సందేహం అడిగితే చెప్పే మనిషి... సంస్థలు వీటన్నిటినీ పంచుకున్నాయి. సహకారమంటే అదీ.

2017లో స్వయం పోర్టల్ వచ్చింది. సెమిస్టర్ కోర్సుల్లో 20 శాతం వరకు అందులో చదవొచ్చని యూజీసీ 2016 నిబంధనల్లో చెప్పింది. 2021లో దాన్ని 40 శాతం చేసింది. ఐఐటీ పాఠం మారుమూల కాలేజీ పిల్లకు ఉచితంగా అందడం చిన్న విషయం కాదు. దాన్ని కాదనక్కర్లేదు. అయితే వినే చోటు ఏది? 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామాల్లో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. పట్టణాల్లో ఇవే 23.4, 42 శాతం. ఈ తేడాతోనే మనం లాక్‌డౌన్‌లోకి వెళ్లాం. ఇంటికున్న ఒక్క ఫోను నాన్నతో పాటు పనికి పోతే ఆ రోజు క్లాసు లేనట్టే.

ఇంకోటి ఆలోచించండి. 40 శాతం పాఠాలు బయటినుంచి వస్తుంటే ఖాళీ పోస్టులు నింపడమెందుకని రేపు ఎవరైనా అంటే? రిజర్వేషన్ ఉండేది పోస్టుకు. వీడియోకు రిజర్వేషన్ ఉండదు.

కాబట్టి మీ కాలేజీ ఆన్‌లైన్ కోర్సులకు ఒప్పందం చేసుకున్నప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. సాయంత్రం ల్యాబ్ తెరిచి ఉంచుతారా? ఆ పాఠాన్ని తెలుగులో విడమర్చి చెప్పేదెవరు? ఆ చెప్పే మనిషిది రెగ్యులర్ పోస్టేనా?

1982లో ఫోన్లు లేకుండానే గదులు పంచుకున్నారు. ఇప్పుడు మాత్రం ఎందుకు కుదరదు?

జై భీమ్.