గడిలో ఒక టిక్కు

బెంచీ చివర కూర్చుంటావు. కుట్లు లాగుతున్నాయి, ఒక పక్కకి ఒరిగి కూర్చుంటావు. ఒళ్లో నాలుగు రోజుల పాప. నీకు పందొమ్మిదేళ్లు. ఊళ్లోవాళ్లకి నువ్వు హైదరాబాదులో కోచింగులో ఉన్నావు. నాన్నక్కూడా అంతే తెలుసు.

అమ్మ మంచినీళ్లకి వెళ్లగానే ఒకామె వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆస్పత్రిలో చూసిన మొహమే. "ఈ కమిటీలు, కాయితాలు నీకెందుకు బిడ్డా? మంచోళ్లున్నరు. లక్షన్నర ఇప్పిస్త. ఎవ్వరికీ తెల్వది."

లక్షన్నర. నాన్న పత్తి అప్పు అంతకన్నా తక్కువే.

తప్పేముంది అనిపిస్తుంది. చట్టం లెక్కలో అది అమ్మకం, ఐదేళ్ల దాకా జైలు. నిన్ను ఆపేది మాత్రం జైలు కాదు. "ఎవరు వాళ్లు? ఏ ఊరు?" అంటావు. "అదంతా నీకెందుకు?" అంటుంది.

లేచి నిలబడతావు.

లోపల కోర్టులా ఉంటుందని భయపడ్డావు. ఇది బాలల సంక్షేమ కమిటీ. నల్లకోట్లు లేవు. బల్లకి అవతల ఉన్నది అమ్మ వయసు ఆడమనిషి.

"ఎవరన్నా బలవంతం చేసిన్రా బిడ్డా?"

లేదు.

"ఉంచుకునే దారి ఏదన్నా ఉందా? మేం సాయం జేస్తం."

ఆ మాట వినగానే ఏడుపొస్తుంది. అతని ఫోను ఏడు నెలలుగా స్విచాఫ్.

కాగితం నీ వైపు జరుపుతుంది. సరెండర్ డీడ్. పెళ్లయిన జంటైతే ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇక్కడ నీ ఒక్కదానిదే. ఆమె ఒక్కో వాక్యం చదివి చెబుతుంది. పాపని మన దేశంలోవాళ్లు పెంచుకోవచ్చు, బయటి దేశంవాళ్లూ పెంచుకోవచ్చు. 60 రోజుల్లోపు మనసు మారితే వచ్చి తీసుకెళ్లచ్చు. ఆ తర్వాత పాప మీద నీకు ఏ హక్కూ ఉండదు.

తర్వాత ఒక చిన్న గడి. రేపు పెద్దయ్యాక పాప వెతుక్కుంటూ వస్తే, నీ పేరూ ఊరూ చెప్పాలా, వద్దా? టిక్కు పెట్టాలి.

(ఫారాలు రాసేవాళ్ల మీద నాకంత గౌరవం లేదు. ఈ గడి పెట్టినవాళ్లెవరో మాత్రం తల్లితో ఒక్కసారైనా మాట్లాడి ఉంటారు.)

'వద్దు' అంటే నీకు పెళ్లవుతుంది. ఎప్పుడో ఓ మధ్యాహ్నం ఎవరూ తలుపు కొట్టరు.

పెన్ను తీస్తావు. పాప చెంపకి నీ వేలు తగులుతుంది. తల తిప్పి నోరు తెరుస్తుంది. ఆకలి. జాకెట్టు తడుస్తోంది. అమ్మ నీ వైపు చూడట్లేదు. గోడ వైపు చూస్తోంది.

టిక్కు.

'చెప్పండి.'

సంతకం. ఆయమ్మ వస్తుంది. తల కింద చెయ్యి పెడుతుంది. ఎత్తుకుంటుంది. ఒళ్లు తేలిక. తలుపు.

ఆ రాత్రి అమ్మ మల్లెపూలు తెస్తుంది. జడలోకి కాదు. పాలు ఎండిపోవడానికి రొమ్ములకి కట్టే పూలు. గట్టిగా ముడేస్తుంది. గదంతా పెళ్లింటి వాసన.

ఇంట్లో గోడ మీద క్యాలెండరు. పాలవాడి లెక్కకి అమ్మ పెట్టే చుక్కల పక్కన నువ్వూ రోజుకో చుక్క పెడతావు. ఇరవై. నలభై. యాభై ఎనిమిది.

అరవయ్యో రోజు బస్సెక్కుతావు. టికెట్టు జిల్లా కేంద్రానికి. తీసుకొచ్చి ఎక్కడ పడుకోబెడతావు? ఏమని చెబుతావు? నాన్నకి? సగం దారిలో ఎవరో బస్సు ఆపుతారు. దిగుతావు. బస్సు కదులుతుంది. పరిగెత్తితే అందుతుంది.

ఇంకా అందుతుంది.

దుమ్ము.

మర్నాడు పొద్దున పాలవాడు గంట కొడతాడు. అమ్మ గిన్నె పట్టుకెళ్లి, వచ్చి, క్యాలెండరులో తన చుక్క పెడుతుంది.