మేరువుకు మరలిన రాజు

రాజమరణానంతరం ప్రజలు పాటించే శోకం మోహమా, ధర్మమా? బౌద్ధదేశమైన థాయిలాండ్ ఆచారంలో ఈ ప్రశ్నకు సమాధానం గోచరిస్తుంది.

చక్రీ వంశంలో తొమ్మిదవ రాముడైన భూమిబల అతుల్యతేజుడు 70 సంవత్సరాలు రాజ్యమేలి, 2016 అక్టోబరు 13న దివంగతుడయ్యాడు. అక్కడి సంప్రదాయం రాజును విష్ణ్వంశగా భావిస్తుంది. పార్థివదేహం బ్యాంకాక్ రాజప్రాసాదంలో ఏడాదికి పైగా ఉంది. 1.2 కోట్ల మందికి పైగా ప్రజలు నల్లని వస్త్రాలతో బారులు తీరి, నేలపై మోకరిల్లి ప్రణామాలర్పించారు.

2017 అక్టోబరు 26న దహనసంస్కారం జరిగింది. అందుకై నిర్మించిన తొమ్మిది శిఖరాల మండపం, సుమారు 50 మీటర్ల ఎత్తున, సాక్షాత్తు మేరుపర్వతానికి ప్రతిరూపం. రాజు దివ్యాంశ స్వస్థానానికి మరలుతుందని దాని అంతరార్థం. దేశమంతటా సామాన్యులు చందనపుష్పాలను సమర్పించారు.

అనంతరం ఆ మేరుమండపాన్ని విప్పివేశారు. అదే ఆ సంప్రదాయంలోని వివేకం. దేహం అనిత్యం, దాని కొరకు నిర్మించిన మేరువూ అనిత్యమే. పోయినవానిని పట్టి నిలుపగోరే దుఃఖం మోహం. ఋణాన్ని స్మరించి, గౌరవించి, సాగనంపే దుఃఖం ధర్మం. ఆ చందనపుష్పం రెండవదానికి చిహ్నం.