చెకుముకి తుపాకితో జింక వేట: గురి ఎంత దూరం వరకు?

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో క్రిస్మస్ వెళ్ళాక జింకల వేటకు ఒక ప్రత్యేక సీజన్ మొదలవుతుంది. 1974 నుంచి నడుస్తున్న ఈ సీజన్‌లో ఆధునిక రైఫిళ్ళకు చోటు లేదు. చెకుముకి రాయి రాపిడికి పుట్టే నిప్పురవ్వతో పేలే తుపాకినే వాడాలి. అది 1800కు ముందు నాటిదైనా అయి ఉండాలి, ఆ నమూనాలో చేసిన నకలైనా అయి ఉండాలి. గొట్టం ఒకటే ఉండాలి, దాని క్యాలిబర్ .44కు తగ్గకూడదు. టెలిస్కోపు బిగించుకోవడం కుదరదు. మూతిలోంచి మందు పోసి, సీసపు గుండు పెట్టి, కడ్డీతో అడుగుదాకా దట్టించాలి. ఒకసారి పేలాక ఈ తతంగమంతా మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. చెయ్యి తిరిగినవాడికి కూడా అర నిమిషం పట్టే పని ఇది. మంచులో కొంకర్లు పోయిన వేళ్ళతో అయితే ఇంకా ఎక్కువే. ఆ లోపు జింక అక్కడే నిలబడి ఉండదు.

కాబట్టి వేటగాడికి దక్కేది ఒకే ఒక్క దెబ్బ. ఆ ఒక్క దెబ్బను ఎంత దూరం నుంచి నమ్ముకోవచ్చు అన్నదే ఇక్కడ ప్రశ్న. గుండ్రటి సీసపు గుండు పేల్చే .50 క్యాలిబర్ రైఫిల్ విషయంలో అనుభవజ్ఞులు చెప్పే మాట ఇది: మామూలు వేటగాడికి 50 నుంచి 75 గజాలు, బాగా సాధన చేసినవాడికి, తుపాకిని దేనికైనా ఆనించి కాల్చే వీలుంటే, 100 గజాలు. అంటే 91 మీటర్లు. గుండు ఆ తర్వాత ఆగిపోతుందని కాదు. అది చాలా దూరం పోతుంది, పోయి ప్రాణం తీయగలదు కూడా. కానీ పోవడం వేరు, అనుకున్న చోట తగలడం వేరు.

అనుకున్న చోటు అంటే జింక ముందుకాలి వెనుక, గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం. ఎదిగిన వైట్‌టెయిల్ జింకలో అది సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. జాగ్రత్తపరులు 15 సెంటీమీటర్లే లెక్కలోకి తీసుకుంటారు. అక్కడ తగిలితే జింక కొద్ది దూరం పరుగెత్తి పడిపోతుంది. ఒక జానెడు వెనక్కి పోయి పొట్టలో తగిలితే మాత్రం పొదల్లోకి పారిపోయి, గంటల తరబడి బాధపడి చస్తుంది. చాలాసార్లు వేటగాడికి దొరకదు. ఆ దూరపు పరిమితి మీద ఇంత చర్చ జరిగేది అందుకే.

గుండ్రటి గుండు చేసే ద్రోహం

.50 క్యాలిబర్ గొట్టంలో వాడే గుండు వ్యాసం సాధారణంగా .490 అంగుళాలు, బరువు పదకొండున్నర గ్రాములు. గొట్టానికీ గుండుకూ మధ్య ఉన్న సందును కొవ్వు రాసిన నూలు గుడ్డ ముక్క పూడుస్తుంది. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులను పట్టుకుని గుండును తిప్పేది ఆ గుడ్డే. పాత పద్ధతి రైఫిళ్ళలో ఈ మెలిక చాలా నెమ్మదిగా ఉంటుంది. 66 అంగుళాలకు ఒక చుట్టు అన్నది తరచూ కనిపించే కొలత. పొడవాటి తూటాలు వాడే కొత్తరకం తుపాకుల్లో అది 28 అంగుళాలకే ఒక చుట్టు.

ఐదు గ్రాముల పైచిలుకు బ్లాక్ పౌడర్ దట్టిస్తే ఈ గుండు సెకనుకు సుమారు 550 మీటర్ల వేగంతో మూతి దాటుతుంది. ఆ వేగం దానికి ఎంతోసేపు నిలవదు. 50 గజాల దగ్గర దాదాపు 415 మీటర్లకు, 100 గజాల దగ్గర 320 మీటర్లకు పడిపోతుంది. అంటే అప్పటికే ధ్వని వేగం కంటే తక్కువ. శక్తి లెక్కలో చూస్తే తేడా ఇంకా ఘోరంగా ఉంటుంది: మూతి దగ్గర 1,730 జౌళ్ళు, 50 గజాల దగ్గర 990, 100 గజాల దగ్గర 590. మొదట ఉన్నదాంట్లో మూడో వంతే మిగిలిందన్నమాట.

గాలి గుండును ఇంతగా అడ్డుకుంటుందని తొలిసారి కొలిచి చూపినవాడు ఇంగ్లండ్‌కు చెందిన బెంజమిన్ రాబిన్స్. 1742లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన ఒక లోలకాన్ని వర్ణించాడు. గుండు వచ్చి దాని చెక్కకు తగిలితే ఎంత ఊగుతుందో చూసి గుండు వేగం లెక్కకట్టాడు. గాలి నిరోధం పెద్ద విషయం కాదనుకుంటున్న కాలంలో, వేగంగా పోయే గుండుకు అదే అసలు శత్రువని తేల్చాడు. పైన చెప్పిన .50 క్యాలిబర్ గుండు మూతి దాటిన క్షణంలో గాలి దాన్ని వెనక్కి నెట్టే బలం, ఆ గుండు బరువుకు వంద రెట్లకు పైనే ఉంటుంది. సూదిమొన లాంటి ఆధునిక తూటాకు ఉన్న సౌకర్యం గోళానికి లేదు.

మరి మందు ఎక్కువ పోస్తే? కొత్తవాళ్ళు మొదట చేసేది ఇదే. దానివల్ల భుజానికి దెబ్బ పెరుగుతుంది, పొగ పెరుగుతుంది, తరచూ గురి చెడుతుంది. మూతి దగ్గర పెరిగిన వేగంలో సగం కూడా 100 గజాల దాకా మిగలదు, ఎందుకంటే వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు కూడా పెరుగుతుంది. నిజంగా ఫలితం ఇచ్చేది పెద్ద గుండు. .54 క్యాలిబర్ గుండు వ్యాసంలో 8 శాతమే పెద్దది, కానీ బరువులో 27 శాతం ఎక్కువ. 19వ శతాబ్దంలో సెయింట్ లూయిస్‌లో తుపాకులు చేసిన జేకబ్, శామ్యూల్ హాకెన్ సోదరుల రైఫిళ్ళు లావాటి గొట్టాలతో ఉండడానికి కారణం ఇదే. రాకీ పర్వతాల వైపు వెళ్ళేవాళ్ళకు జింక కంటే పెద్ద జంతువులు ఎదురయ్యేవి.

జింకను చంపడానికి కనీసం 1,000 ఫుట్-పౌండ్ల శక్తి (సుమారు 1,350 జౌళ్ళు) ఉండాలని అమెరికా వేటగాళ్ళలో ఒక లెక్క ప్రచారంలో ఉంది. దాన్ని నమ్మితే .50 క్యాలిబర్ గుండు 25 గజాలు దాటకముందే అనర్హమైపోవాలి. అయినా రెండు శతాబ్దాలకు పైగా అలాంటి గుండ్లతోనే జింకలు పడుతూ వచ్చాయి. మెత్తటి సీసం, అర అంగుళం మందం. అది ఊపిరితిత్తుల్లోంచి పోతే చాలు. ఆ లెక్క ఆధునిక తూటాల కోసం ఎవరో అనుకున్న గుండుగుత్త అంకె మాత్రమే. దాన్ని పాత తుపాకికి తగిలించడంలో అర్థం లేదు. ఇక్కడ 100 గజాల గీతను గీసేది శక్తి కంటే ఎక్కువగా గురి.

కన్ను, గాలి, నిప్పురవ్వ

50 గజాల దగ్గర సరిగ్గా తగిలేలా గురి సరిచేసిన రైఫిల్ 100 గజాల దగ్గర 12 సెంటీమీటర్లు కిందికి కొడుతుంది. ఇది తెలిసినవాడు కాస్త పైకి గురి పెట్టి సర్దుకోగలడు. 150 గజాల దగ్గర ఆ పతనం అర మీటరుకు చేరువవుతుంది. అప్పుడు దూరం అంచనాలో పది గజాల పొరపాటు జరిగినా సరే, గుండు జింక పొట్ట కిందనుంచో, కాలు విరగ్గొట్టో పోతుంది. చెట్ల మధ్య, మంచు మీద, సాయంత్రపు వెలుతురులో పది గజాల పొరపాటు చెయ్యనివాడు అరుదు.

పక్కగాలి ఇంకా మోసకారి. గంటకు 16 కిలోమీటర్ల గాలి అంటే ఆకులు, సన్నటి కొమ్మలు కదిలేంత. అది ఈ గుండును 50 గజాల దగ్గర ఐదారు సెంటీమీటర్లు పక్కకు నెడుతుంది. 100 గజాల దగ్గర ఆ పక్కదోవ సుమారు 25 సెంటీమీటర్లు. ఊపిరితిత్తుల మీద పెట్టిన గురి పొట్ట మీదికి జరగడానికి అంత చాలు.

ఇక కన్ను సంగతి. ఈ తుపాకుల మీద గురికి ఉండేవి వెనుక ఒక గంటు, ముందు ఒక చిన్న లోహపు పలక. రెండు మిల్లీమీటర్ల మందమున్న పలక కంటికి నాలుగడుగుల పైచిలుకు దూరంలో ఉంటే, 100 గజాల దగ్గర అది 14-15 సెంటీమీటర్ల వెడల్పును కప్పేస్తుంది. అంటే ఎక్కడ తగలాలో ఆ చోటంతా పలక వెనుక మరుగున పడిపోతుంది. వయసు నలభై దాటిన కంటికి వెనుక గంటు, ముందు పలక, దూరపు జింక మూడూ ఒకేసారి స్పష్టంగా కనిపించడం కష్టం.

చెకుముకి తుపాకికి ఇంకో పేచీ ఉంది. మీట నొక్కగానే రాయి ఉక్కు మీద పడాలి. రవ్వలు చిన్న గిన్నెలోని మందుపొడిని అంటించాలి, ఆ మంట గొట్టం పక్కనున్న సన్నటి బెజ్జంలోంచి లోపలికి పోవాలి. మొత్తం జరిగేది రెప్పపాటులోనే. అయినా ఆ రెప్పపాటులో కళ్ళ ముందే మంట లేస్తుంది, మనిషి తెలియకుండానే ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడకుండా ఉండటం నెలల సాధనతో వచ్చేది. తేమ పట్టిన రోజున గిన్నెలో మెరుపు వచ్చి గొట్టం పేలకపోవడమూ మామూలే. పెర్కషన్ క్యాప్ వాడే తుపాకుల్లో ఈ బాధ చాలావరకు తగ్గుతుంది కాబట్టి, అదే గుండుతో అదే మనిషి పది ఇరవై గజాలు ముందుకు పోగలుగుతాడు.

పాత రైఫిళ్ళ మీద పెద్ద పెద్ద దూరాల కథలకు కొదవ లేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన బ్రిటిష్ అధికారి జార్జ్ హేంగర్ 1814లో వెలువరించిన పుస్తకంలో అలాంటిది ఒకటి ఉంది. నిండా 400 గజాల దూరం నుంచి ఒక అమెరికన్ తమ మీద గుండు పేల్చాడని రాశాడు. దీన్ని పాత రైఫిల్ గొప్పతనానికి రుజువుగా చూపేవాళ్ళు ఒకటి మరిచిపోతారు. అతను గురిపెట్టింది హేంగర్, టార్ల్‌టన్ అనే అధికారులకు. చచ్చింది బూర ఊదేవాడి గుర్రం. యుద్ధంలో అది కూడా లాభమే కావచ్చు. వేటలో కాదు.

కొత్త తుపాకి, నాటు తుపాకి

1985లో టోనీ నైట్ తెచ్చిన ఎంకే-85తో మూతి నుంచి దట్టించే తుపాకి స్వరూపమే మారింది. నిప్పు గొట్టానికి సరిగ్గా వెనుకనుంచి అంటుకుంటుంది, ప్లాస్టిక్ తొడుగులో పొడవాటి తూటా పోతుంది, పైన టెలిస్కోపు కూర్చుంటుంది. ఇలాంటివాటితో 150, 200 గజాల మాటలు వినపడతాయి. వాటి సంగతి వేరు. ఈ తేడాను కొన్ని రాష్ట్రాలు చట్టంలోకే తెచ్చాయి. కొలరాడోలో ఈ తుపాకుల సీజన్‌లో టెలిస్కోపు, ప్లాస్టిక్ తొడుగు రెండూ నిషేధం. వేటగాడు దగ్గరికి వెళ్ళే కష్టం పడాలన్నదే ఆ సీజన్ ఉద్దేశం.

తెలుగు పాఠకులకు పరిచయమైన నాటు తుపాకి కూడా మూతి నుంచి దట్టించేదే, కానీ అది రైఫిల్ కాదు. గొట్టం లోపల గాడులు ఉండవు. తిరగని గుండు గాలిలో తన ఇష్టం వచ్చినట్టు వంగుతుంది. చక్కగా చేసిన నున్నటి గొట్టంతో కూడా ఒంటి గుండును 50 గజాలు దాటి నమ్మలేం. దొరికిన సీసపు ముక్కలు, ఇనుప గోళీలు దట్టించే నాటు తుపాకి సంగతి చెప్పనక్కర్లేదు. పంటల రక్షణ కోసం మూతి నుంచి దట్టించే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో ఉంది. అయితే ఆ లైసెన్సు జింకను వేటాడే అనుమతి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మిగిలి ఉన్న లైసెన్సు వేటకు 1991 సవరణతో తెరపడింది. నల్లమల, ఆదిలాబాద్ అడవుల్లో చుక్కల దుప్పి మీద పేలే గుండు ఎంత దగ్గరిదైనా నేరమే.

వేట చట్టబద్ధమైన చోట, ఎవరి దూరం ఎంతో తేల్చుకోవడానికి పాత వేటగాళ్ళు వాడే పరీక్ష చాలా సాదాది. 15 సెంటీమీటర్ల కాగితపు పళ్ళేన్ని చెట్టుకు తగిలించి, అడవిలో ఎలా కాలుస్తారో అలాగే, నిలబడో మోకరిల్లో, కాలుస్తారు. ఐదుకు ఐదూ పళ్ళెంలో పడినంత దూరమే ఆ మనిషి దూరం. బల్ల మీద ఇసుక సంచి పెట్టి సాధించిన 100 గజాలు ఇక్కడ చెల్లవు. మసి పట్టిన గొట్టంలోంచి వచ్చిన ఐదో గుండు కన్నా, శుభ్రమైన, చల్లటి గొట్టంలోంచి వచ్చిన మొదటి గుండు ఎక్కడ పడిందన్నదే ముఖ్యం, అడవిలో పేలేది అదొక్కటే కాబట్టి. చాలామంది ఈ పరీక్ష తర్వాత 60 గజాల దగ్గర ఆగిపోతారు.

పేలాక తెల్లటి పొగ ముఖం ముందు కమ్ముకుంటుంది. గుండు ఎక్కడ తగిలిందో, జింక ఎటు పోయిందో కనపడదు. గుండు శరీరంలోనే ఆగిపోతే, దూరం పెరిగేకొద్దీ అలా ఆగే అవకాశమూ పెరుగుతుంది, నెత్తుటి జాడ అంతంతమాత్రమే. వేటగాడు ముందుగా తుపాకిని మళ్ళీ దట్టించుకుంటాడు. జింక నిలబడ్డ చోటును ఏదో ఒక చెట్టు గుర్తుతో మనసులో పెట్టుకుని, అరగంట కదలకుండా కూర్చుని, అప్పుడు మంచు మీద వెంట్రుకలు, ఎర్రటి చుక్కలు వెతకడం మొదలుపెడతాడు.