చదివినవాళ్ళు ఏమన్నారు?
నెల్లూరు సీమ పాఠకుల చరిత్రలో కొన్ని పుటలు

నెల్లూరు తీరం చరిత్ర అనగానే రేవులు, ఉప్పు కొఠార్లు, బకింగ్‌హామ్ కాలువ, 1626లో ఇంగ్లీషువాళ్ళు దుగరాజపట్నం దగ్గర పెట్టుకున్న ఆర్మగాన్ స్థావరం గుర్తొస్తాయి. సాహిత్య చరిత్ర అంటే తిక్కన సోమయాజి దగ్గర మొదలుపెడతాం. ఇవి కట్టినవాళ్ళ, ఏలినవాళ్ళ, రాసినవాళ్ళ చరిత్రలు. చదివినవాళ్ళకూ ఒక చరిత్ర ఉంది. అది ఎక్కువగా రాయబడలేదు. పుస్తకం రాసినవారి పేరు అట్ట మీద ఉంటుంది. అచ్చువేసినవారి పేరు లోపలి పుటలో ఉంటుంది. చదివినవారి పేరు మహా అయితే లైబ్రరీ రిజిస్టరులో ఉంటుంది, అదీ పుస్తకం తిరిగి ఇచ్చేదాకా.

మన పాఠశాల స్వర్ణోత్సవ సంచికలో ఆ పాఠకుల గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం తగునని నాకు అనిపించింది. ఎందుకంటే బడి తయారుచేసేది ముందుగా పాఠకులనే. కవులూ ఇంజనీర్లూ డాక్టర్లూ ఆ తర్వాత సంగతి.

రాజసభ నుంచి అచ్చాపీసుకు

పదమూడవ శతాబ్దంలో నెల్లూరు నేలిన మనుమసిద్ధి దగ్గర తిక్కన మంత్రి. నిర్వచనోత్తర రామాయణాన్ని రాజుకే అంకితమిచ్చాడు. భారతంలో విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెలుగు చేసి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. ఆ రోజుల్లో కావ్యం మీద అభిప్రాయం చెప్పే అధికారం కృతిభర్తకు, సభలోని పండితులకు ఉండేది. ఊళ్ళోవాళ్ళకు పుస్తకం చేతికి అందేది కాదు, చెవికి అందేది. గుడిలోనో రచ్చబండ దగ్గరో ఒకరు పురాణం చదివితే పదిమంది వినేవారు. వాళ్ళకూ అభిప్రాయాలు ఉండే ఉంటాయి. ధర్మరాజు జూదమాడటం తప్పా కాదా అని అరుగుల మీద తగవులు పడకుండా ఏ ఊరూ ఉండి ఉండదు. తాటాకు మీదికి ఎక్కనందువల్ల ఆ మాటలు మనదాకా రాలేదు.

జనం అభిప్రాయం ఎంత గట్టిదో వేమన పద్యాలను చూస్తే తెలుస్తుంది. పండితులు వేమనను కవుల వరసలో కూర్చోబెట్టలేదు. జనం నోటికి పట్టుకుని నిలబెట్టుకున్నారు. సి.పి. బ్రౌన్ ఆ పద్యాలను సేకరించి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చువేయించాడు. బ్రౌన్ చేతికి ఆ పద్యాలు చేరేదాకా వాటిని కాపాడింది ఆ నోళ్ళే.

ఇక అచ్చు వచ్చింది. నెల్లూరు సీమ మూలాలు గల వావిళ్ళ రామస్వామి శాస్త్రులు గారు 1854లో మద్రాసులో ముద్రాక్షరశాల పెట్టారు. ఆయన కుమారుడు వేంకటేశ్వర శాస్త్రులు గారి కాలానికి వావిళ్ళ వారి పుస్తకం లేని తెలుగు పండితుడి ఇల్లు లేదనిపించుకుంది. తప్పుల్లేని అచ్చు అంటే వావిళ్ళ అచ్చు అనేవారు. పుస్తకం ఇంటికి చేరింది. దానితోపాటు పుస్తకం మీద మాట కూడా అచ్చుకెక్కడం మొదలైంది. కందుకూరి వీరేశలింగం గారు 1880లో రాజశేఖర చరిత్రము పుస్తకంగా తెస్తే కాశీభట్ట బ్రహ్మయ్య శాస్త్రి గారు దాన్ని పట్టి పట్టి విమర్శించారు. అదే నవల 1887లో 'ఫార్చ్యూన్స్ వీల్' పేరుతో ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఒకే పుస్తకం ఒకరికి అభ్యంతరం, మరొకరికి అనువాదం చేయదగ్గంత ముచ్చట. తెలుగులో ఇలాంటి బహిరంగ చర్చకు అచ్చాపీసే చోటిచ్చింది.

ఒక పుస్తకం, రెండు తీర్పులు

ఆ చర్చల్లో అన్నిటికంటే పెద్దది వావిళ్ళ వారి పుస్తకం చుట్టూనే జరిగింది. పద్దెనిమిదవ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే విదుషి రాధికా సాంత్వనము అనే శృంగార కావ్యం రాసింది. వీరేశలింగం గారు కవుల చరిత్ర రాస్తూ, ఆమె పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే ఆ కావ్యం సభ్యంగా లేదని గట్టిగా తప్పుపట్టారు. అంతటి సంస్కర్త అన్న మాట కాబట్టి చాలామందికి అదే ఆఖరి మాట అయింది.

బెంగుళూరు నాగరత్నమ్మ గారు ఆ మాట విని ఊరుకోలేదు. ఆమె సంగీత విదుషి, తర్వాతి కాలంలో తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధి మందిరం కట్టించిన మహాతల్లి. ఆమె ముందు అచ్చుపుస్తకం సంపాదించి చదివారు. 1887 నాటి ఆ ప్రతిలో కొన్ని పద్యాలు లేవని తేలింది. వ్రాతప్రతి సంపాదించి పోల్చి చూసి, పూర్తి పాఠాన్ని సిద్ధం చేశారు. 1910లో వావిళ్ళ వారు దాన్ని అచ్చువేశారు. పీఠికలో ఆమె అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది. ఇంతకంటే ఎక్కువ శృంగారం రాసిన మగకవుల కావ్యాలను పాఠ్యగ్రంథాలుగా పెట్టుకున్నవారు, ఆడది రాసేసరికి సిగ్గు గురించి మాట్లాడటం ఏం న్యాయమని దాని సారాంశం.

1911లో ప్రభుత్వం ఆ పుస్తకం అశ్లీలమని నిర్ణయించి ప్రతులను స్వాధీనం చేసుకుంది. వావిళ్ళ వారు, పండితులు విన్నవించుకున్నా ఫలితం లేకపోయింది. నిషేధం తొలగేసరికి టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న 1946–47 కాలం వచ్చింది. 1952లో వావిళ్ళ వారు మళ్ళీ అచ్చువేశారు. నాగరత్నమ్మ గారు కన్నుమూసింది కూడా ఆ ఏడాదే.

ఈ కథలో ఎవరి వైపు ఉండాలో ఎవరికి వారు నిర్ణయించుకోవచ్చు. వీరేశలింగం గారి సంస్కరణ కృషి ముందు మనం తలవంచాల్సిందే. అయినా, పాఠకురాలిగా నాగరత్నమ్మ గారు పాటించిన పద్ధతి ఎప్పటికీ నేర్చుకోదగింది. పెద్దవారి తీర్పును కాదనే ముందు ఆమె పుస్తకాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివారు. ప్రతి సరిగా లేదని తెలిస్తే సరైన ప్రతి వెతికారు. ఆ తర్వాతే మాట్లాడారు.

నెల్లూరు నాటకం, చాకలి పేరిగాడు

మన ఊరికి ఇంకా దగ్గరి ఉదాహరణ వేదం వేంకటరాయ శాస్త్రి గారిది. ఆయన ప్రతాపరుద్రీయ నాటకం 1897లో వెలువడింది. నెల్లూరులోని ఆంధ్ర భాషాభిమాని సమాజం వారు శాస్త్రి గారి నాటకాలను ప్రదర్శించారు. ప్రతాపరుద్రీయంలో రాజు, మంత్రి గ్రాంథికం మాట్లాడితే చాకలి పేరిగాడు చాకలి మాటే మాట్లాడతాడు. నాటకంలో గ్రామ్యమా అని పండితులు ఆక్షేపించారు. పాత్రకు తగ్గ భాష ఉండాలని వాదిస్తూ శాస్త్రి గారు 'గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనము' అని ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాయాల్సి వచ్చింది. శాస్త్రంతో వాదించింది పండితులు. నాటకాన్ని రంగస్థలం మీద బతికించింది మాత్రం చాప పరుచుకుని తెల్లవార్లూ కూర్చున్న ప్రేక్షకులు.

1914లో కట్టమంచి రామలింగారెడ్డి గారి కవిత్వతత్త్వ విచారము వచ్చాక సంగతి మరింత దూరం పోయింది. పాతకాలపు కావ్యాన్ని కూడా కథ ఎలా ఉంది, పాత్రలు ఎలా ఉన్నాయి అని నేటి పాఠకుడు తన బుద్ధితో పరీక్షించవచ్చునని ఆయన పింగళి సూరన కళాపూర్ణోదయం పట్టుకుని చూపించారు. ఒప్పుకున్నవారు, మండిపడ్డవారు ఇద్దరూ ఉన్నారు. ఇద్దరూ సూరనను మళ్ళీ తీసి చదవాల్సి వచ్చింది. మంచి అభిప్రాయం చేయవలసిన మేలు అదే.

రిజిస్టరులో లేని గడి

అదే 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు, అయ్యంకి వెంకటరమణయ్య గారు దాని వెనక నడుం కట్టినవారు. ఆ ఉద్యమం పల్లెపల్లెకూ గ్రంథాలయాన్ని తీసుకెళ్ళింది. మన ఉత్తరాన వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం పుట్టింది. కృష్ణా డెల్టాలో 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊరూరా తిప్పించారు. నెల్లూరులో వర్ధమాన సమాజం పుస్తకాలను, తిక్కన ఉత్సవాలను కలిపి నడిపింది. 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చి ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కట్టించాయి. అంటే మన జిల్లాలో పన్ను కట్టే ప్రతి ఇల్లూ, చదివినా చదవకపోయినా, పుస్తకాల ఖర్చులో భాగస్వామే.

ఈ వ్యవస్థ అంతా పుస్తకాన్ని పాఠకుడి దాకా చేర్చింది. పాఠకుడి మాటను వెనక్కి చేర్చే ఏర్పాటు మాత్రం అందులో లేదు. ఏ లైబ్రరీలోనైనా స్టాకు రిజిస్టరు తీసి చూడండి. క్రమసంఖ్య, పుస్తకం పేరు, రచయిత, వెల, కొన్న తేదీ ఉంటాయి. ఇష్యూ రిజిస్టరులో తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ ఉంటాయి. చదివినవాడికి ఏమనిపించిందో రాసే గడి ఒక్కటీ ఉండదు. మా ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే నీళ్ళు వదలడానికి తూము ఉంది, పొలానికి ఎంత చేరిందో చూసే కొలబద్ద లేదు.

దూబగుంట పాఠం

పాఠకుల మాటకు ఎంత బలముంటుందో చెప్పడానికి మన జిల్లాలోనే, మన కళ్ళెదుటే జరిగిన చరిత్ర ఉంది. తీరానికి పడమర మెట్టప్రాంతంలో, కలిగిరి మండలం దూబగుంట. 1991లో జిల్లా అంతటా అక్షరదీపం కార్యక్రమం మొదలైంది. పగలంతా కూలిపని చేసిన ఆడవాళ్ళు రాత్రిపూట దీపం వెలుగులో పలకా బలపం పట్టారు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. సారాతో సంసారాలు గుల్లవుతుంటే సీతమ్మ ఊరి ఆడవాళ్ళను కూడగట్టి సారా దుకాణం మూయిస్తుంది.

మనమైతే ఆ పాఠం చదివి కింద ఉన్న ప్రశ్నలకు జవాబులు రాసేవాళ్ళం. దూబగుంట ఆడవాళ్ళు ఇది తమ ఊరి కథే అనుకున్నారు. పాఠంలోని ఊళ్ళో జరిగింది తమ ఊళ్ళో ఎందుకు జరగదని మాట్లాడుకున్నారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలిచారు. ఊరి సారా దుకాణం మూతపడింది. ఆ కబురు జిల్లా అంతా పాకింది. చదువు కార్యక్రమం రెండో దశ వాచకంలో 'ఆడవాళ్ళంతా ఏకమైతే' అనే పాఠం వచ్చింది. అది దూబగుంట కథే! పుస్తకం చదివినవాళ్ళు చేసిన పని మరుసటి పుస్తకంలో పాఠమైంది. దాన్ని చదివిన ఊళ్ళు మళ్ళీ కదిలాయి.

1992లో సారా వేలంపాటలను ఆడవాళ్ళు అడ్డుకున్నారు. పాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది, 1997లో సడలిపోయింది. ప్రభుత్వాలు చేసినవీ తీసేసినవీ అటుంచితే, ఒక పాఠం మీద పాఠకులు చెప్పిన అభిప్రాయం ఇంత దూరం వెళ్ళిన సందర్భం తెలుగునాట మరొకటి నాకు కనిపించదు. ఆ పాఠకులు పీఠికలు రాయలేదు. వాళ్ళలో చాలామందికి అప్పుడప్పుడే సంతకం చేయడం వచ్చింది.

దీనికి ఒక కారణం ఉందని నేను అనుకుంటాను. ఆ రాత్రిబడిలో పాఠం అయ్యాక మాట్లాడుకోవడానికి సమయం ఉండేది. పరీక్ష లేదు, మార్కులు లేవు, జవాబు తప్పని కొట్టివేసేవారు లేరు. కలిసి చదివారు, కలిసి మాట్లాడారు. అభిప్రాయం పుట్టడానికి కావలసిన ఏర్పాటు ఇంతే.

మన బీరువా సంగతి

మిత్రులారా, స్వర్ణోత్సవం పేరుతో మనం పాఠశాలకు ఏవేవో ఇస్తున్నాం. పుస్తకాలు కూడా ఇస్తాం. ఇచ్చి ఫొటో తీసుకుంటాం. బీరువాకు తాళం పడుతుంది. తాళం చేతులు పట్టుకున్న మాస్టారిని తప్పుపట్టి లాభం లేదు. పుస్తకం పోతే ఆయన జీతంలోంచి కట్టాల్సి వస్తుందేమోనన్న భయం చాలా బళ్ళలో ఉన్నదే. పోయిన పుస్తకాల వెల ఏటా మన సంఘమే భరిస్తుందని ఒక తీర్మానం చేస్తే ఆ భయం పోతుంది, తాళం తెరుచుకుంటుంది. దీనికి పెద్ద ఖర్చు కూడా కాదు.

రెండో కోరిక గురువులకు. వారానికి ఒక పీరియడు పిల్లలు తాము చదివిన పుస్తకం గురించి మాట్లాడే పీరియడుగా ఉంచండి. కథల పుస్తకం కావచ్చు, సైన్సు పుస్తకం కావచ్చు, క్రికెట్ పుస్తకం కావచ్చు. బాగుంది, బాగాలేదు అని ఆపేయకుండా ఎక్కడ బాగుందో, ఎవరి మాట ఒప్పుకోలేదో చెప్పమనండి. నాగరత్నమ్మ గారిలా పూర్తిగా చదివి చెప్పమనండి. పక్కవాడు కాదంటే విననివ్వండి. లైబ్రరీలో లాంగ్ నోట్‌బుక్ ఒకటి పెట్టి అందులో నాలుగేసి వరుసలు రాయించండి.

మూడోది మనకే. మనం ఇచ్చే పుస్తకం మొదటి పుటలో దాత పేరు, బ్యాచ్ సంవత్సరం రాసి వదిలేయకుండా, ఆ పుస్తకం మీద మన అభిప్రాయం కూడా ఒక కాగితం మీద రాసి లోపల పెడదాం. నచ్చనిది ఏదైనా ఉంటే అదీ రాద్దాం. ఎనిమిదో తరగతి పిల్ల అది చదివి, మనం రాసింది తప్పని కింద రాస్తే సంతోషిద్దాం. పాతికేళ్ళ తర్వాత ఈ బడి వజ్రోత్సవ సంచికకు చరిత్ర రాసేవారికి, బీరువాలో ఎన్ని పుస్తకాలు ఉండేవో స్టాకు రిజిస్టరు చెబుతుంది. ఆ పుస్తకాలు చదివిన పిల్లలు ఏమనుకున్నారో చెప్పడానికి ఆ నోట్‌బుక్కులు ఉండాలి.